చెల్లెలికి నేను పెట్టిన పరీక్ష

మొన్న మా మనవరాలు సెలవులకు వస్తూ ఒక పుస్తకమూ నాలుగు అచ్చుకాగితాలూ వెంట తెచ్చుకుంది. పదకొండో తరగతిలో మనస్తత్వశాస్త్రం తీసుకుందట. భోజనాలయ్యాక నన్ను కూర్చోబెట్టి, "అమ్మమ్మా, నీకు చిన్న పరీక్ష పెడతా. ముందు ఇక్కడ సంతకం చెయ్యి, ఇష్టం లేకపోతే మధ్యలో లేచిపోవచ్చు" అంది. సంతకమైతే చేశాను గానీ మొదటి ప్రశ్న పూర్తికాకముందే తలనొప్పి అని చెప్పి పెరట్లోకి వెళ్లిపోయాను. అసలు సంగతి ఆ పిల్లకు చెప్పలేకపోయాను. నా ఈడువాళ్లకైనా చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మాది బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. నాయన వేటకు వెళ్లేవాడు, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. మా పల్లెలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే, ఆ మాట నలుగురూ అంటుంటే వినడం నాకు మహా ఇష్టంగా ఉండేది. కావలిలో ఇంటర్‌లో చేరబోతే అడిగిన గ్రూపులో సీట్లు అయిపోయి, మనస్తత్వశాస్త్రం ఉన్న గ్రూపులో వేశారు. ఆ పేరు తడబడకుండా పలకడానికే నాకు వారం పట్టింది. అయితే మనిషి ఎందుకు మరిచిపోతాడు, ఎందుకు భయపడతాడు అని మాస్టారు చెప్పుకుపోతుంటే, సాయంత్రం బస్సులో ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు చూసి వాళ్ల మనసులో ఉన్నదంతా నాకు తెలిసిపోయిందనుకునేదాన్ని. పదహారేళ్లు మరి.

మొదటి ఏడు ముగిసి వేసవి సెలవులిచ్చేటప్పుడు, తెలివితేటల పరీక్ష ఒకటి ఇంట్లో ఎవరికైనా పెట్టి, రికార్డులో రాసుకు రమ్మన్నారు. మధ్యలో ఆటంకం వస్తే ఆ పరీక్ష చెల్లదనీ, ఫలితం ఇంట్లోవాళ్లకు చెప్పకూడదనీ మాస్టారు గట్టిగా హెచ్చరించారు. ఆ రెండు మాటలూ నేను శ్రద్ధగా రాసుకున్నాను కూడా.

నా చెల్లెలికి అప్పుడు పదేళ్లు. ఊళ్లో అయిదో తరగతి ముగించింది, పై తరగతికి బోగోలు పోవాలి. ఇద్దరమూ చదువుకు పోతే అమ్మకు సాయమెవరని నాయన ఆ వేసవంతా తేల్చుకోలేక సతమతమయ్యాడు. ఎవరో ఒకరు ఆగాల్సిందేనని ఆయన అమ్మతో అనడం నా చెవిన పడింది. ఆ మాట విన్న సంగతి నేను చాలా ఏళ్లు నా మనసులోనైనా ఒప్పుకోలేదు.

ఒక మధ్యాహ్నం చెల్లెల్ని చాపమీద కూర్చోబెట్టి, పడవ, రైలు, బస్సు, కుర్చీ, వీటిలో చేరనిదేదని అడిగాను.

"పడవ. అదొక్కటే గదక్కా నీళ్లమీద పొయ్యేది" అంది.

కాగితంలో జవాబు కుర్చీ అని ఉంది. తప్పు వేశాను. అంకెలు వెనకనుంచి చెప్పమంటే చకచకా చెప్పసాగింది. అంతలో ఎండబెట్టిన చేపలమీద కాకులు వాలాయని అమ్మ కేకేసింది. అది పరుగున పోయి తోలి వచ్చి, రొప్పుతూ, "ఏందక్కా నువ్ చెప్పింది, ఇంకోతూరి చెప్పవా" అని అడిగింది. నేను చెప్పలేదు. చేతిగడియారం చూసుకుంటూ మిగిలినవన్నీ తప్పుకింద వేసుకున్నాను.

ఆ సాయంత్రం వల బాగుచేసుకుంటున్న నాయన దగ్గరికి వెళ్లి, ఆయన అడక్కుండానే, "పుస్తకం ప్రకారం దానికి తెలివి తక్కువ నాయనా. పై చదువు దానికి ఎక్కదు" అన్నాను. నాయనకు చదువు రాదు, అచ్చులో ఉన్నదంతా నిజమనుకునే మనిషి. కాసేపు చెయ్యి ఆపి, "అట్టనా. చదువుకుంటాదనుకున్న్యానే" అన్నాడు. బళ్లు తెరిచిన రోజు నేను కావలి బస్సెక్కాను, చెల్లెలు చిన్న గంప ఎత్తుకుని అమ్మ వెనక నడిచింది.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను. ఆడపిల్లల్ని బడికి పంపమని ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల్ని బతిమాలాను, అందుకు మెప్పూ పొందాను. చెల్లెల్ని పక్క పల్లెకే ఇచ్చారు. చేపలు కొనడానికి వచ్చే వ్యాపారుల మాటలు వినే అది తమిళం నేర్చుకుంది. ఎవరైనా దాని తెలివిని పొగిడితే అందరికంటే ముందు నేను తలూపేదాన్ని.

మనవరాలు వెళ్లిన మర్నాడు చెల్లెలి ఊరికి వెళ్లాను. అది గడపలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. కాకుల సంగతీ, ఎవరో ఒకరు ఆగాలన్న నాయన మాటా, ఏదీ దాచకుండా చెప్పేశాను. అది ఒలవడం ఆపకుండానే విన్నది.

"నాయన అప్పుడే చెప్పినాడులే, అక్క పరీక్ష పెట్టి నేను మొద్దుదాన్నని చెప్పిందని" అంది. "అందుకే నా పిల్లోళ్లు ఏదన్నా అడిగితే మీ నాయన్ని అడగండి పొమ్మనేదాన్ని. తెలిసింది గూడా చెప్పేదాన్ని గాదు, తప్పు చెప్తానేమోనని."

నువ్వు మొద్దుదానివి కావని నేను ఏదో గొణిగాను.

"అరవైకి దగ్గరికొచ్చినాను గదక్కా. ఇప్పుడెందుకు చెప్తివి?" అంది.

ఎప్పుడు వెళ్లినా రెండు రోజులు ఉండి పొమ్మని నా సంచి దాచిపెట్టే మనిషి, ఆ సాయంత్రం బస్సు వేళవుతోందని తనే గుర్తుచేసింది.

ఇప్పుడు మా పల్లెలోకి పొద్దున్నే ఆటోలు వచ్చి ఆడపిల్లల్ని ఎక్కించుకుని బోగోలు బడికి తీసుకుపోతున్నాయి. ఆ రోజుల్లో ఈ వసతులెక్కడివి, దూరాభారం వల్లే మా చెల్లెలు చదువుకోలేకపోయిందని ఇన్నేళ్లూ నలుగురిలో చెబుతూ వచ్చాను. కానీ బోగోలు అప్పుడూ అంత దూరమేమీ కాదు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆ పదేళ్ల పిల్ల రోజూ అంతకంటే ఎక్కువే నడిచింది.