మూడు కిలోమీటర్ల వరకు

“నీళ్ళలోకి దిగేది ఆయన, మునిగేది నేను. ముందు అది రాసుకోండి ప్రెస్సుగారూ, మిగతాది తర్వాత” అంది ఆమె, మిషను మీద నుంచి తల ఎత్తకుండానే.

అచ్చాఫీసు నడిపే ప్రెస్సుగారు రాసుకోవడానికి రాలేదు. వాళ్ళ చందాల కరపత్రం ప్రూఫు పట్టుకుని చిన్న సందేహం తీర్చుకుపోదామని వచ్చాడు. కానీ ఆయన సంగతి వీధంతా ఎరిగినదే. ఒక మాట అడగడానికి వచ్చి మూడు కథలు విని గానీ లేవడు. కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఆ దుకాణంలో ఉన్న ఒక్క కుర్చీలో గాలి సిలిండరు దర్జాగా కూర్చుని ఉంది. అందుకని ఆయన స్పాంజి ముక్కల మూట మీద సర్దుకుని కూర్చున్నాడు. కూర్చోగానే మూట సగం కుంగింది. మనిషి రెక్సిన్ చుట్టల మధ్యలోంచి తల మాత్రం పైకి పెట్టి చూస్తున్నట్టు కనిపించాడు.

“అది కాదమ్మా, ఈ లైను పెద్దక్షరాల్లో వేయమని మీ తమ్ముడు. అసలు ఆ లైనే ఆపమని నిన్న మీరు ఫోను. నేను ఎవరి మాట వినాలి?”

“ఏ లైను, చదవండి.”

“‘ఈసారి మూడు కిలోమీటర్ల వరకు’.”

మిషను ఆగింది.

ఆమె భర్త పనిదినాల్లో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. సెలవు దొరికితే కొండల్లోకి పోయి, నీళ్ళు నిండిన గుహలోకి దిగుతాడు. ఒంటికి సిలిండర్లు కట్టుకుని, వెనక దారం పరుచుకుంటూ పోయినంత దూరం పోయి, ఆ దారమే పట్టుకుని తిరిగొస్తాడు. వీధిలో అందరూ ‘మునకమేస్త్రి’ అని పిలుస్తారు. లోపల ఏముందండీ అని ఎవరైనా అడిగితే “ఇంకాస్త గుహ” అంటాడు. ఆ ఇంకాస్త కోసం ఆ ఇంట్లో పాత ఫ్రిజ్ మారలేదు, గోడలకు రంగు పడలేదు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి ఇంట్లో ఫ్రిజ్ పనిచేయదన్న సంగతి మాత్రం ఆమె బయట చెప్పదు. గిరాకీ పోతుందని.

వాళ్ళిద్దరినీ కలిపింది కూడా ఆ గుహే. సిలిండరు పట్టీ తెగిందని ఒకసారి కుట్టించుకోవడానికి వచ్చాడు. నెల తిరక్కుండా ఇంకోటి తెగింది. ఆ తర్వాత వారానికొకటి తెగడం మొదలుపెట్టింది. రాపిడికి తెగిన పట్టీ అంచున పోగులు పీలికలుగా లేస్తాయి. ఇవేమో బ్లేడు పెట్టి కోసినంత నున్నగా ఉన్నాయి. ఆమె అడగలేదు. కూలి మాత్రం ప్రతిసారీ కొంచెం పెంచుతూ పోయింది. అతను బేరం ఆడకపోవడంతో సంగతి అర్థమైంది.

ఈ ఏడు మునకమేస్త్రి పాత గుర్తు దాటి పోదామనుకున్నాడు. రెండు కిలోమీటర్లకు కాస్త అవతల అతను ముడివేసి వదిలేసిన దారం చివర ఉంది. దాన్ని దాటాలంటే నీళ్ళలో మనిషిని లాక్కుపోయే స్కూటర్లు కావాలి. గాలి నింపే యంత్రం అద్దెకు కావాలి. దారి పొడవునా సిలిండర్లు ముందే పెట్టి వచ్చే మనుషులు కావాలి. వాళ్ళకు తిండి, మకాం, లారీ కావాలి. డబ్బు వ్యవహారం మొత్తం మునకమేస్త్రి, అతని జట్టువాళ్ళు కలిసి ఆమెకు అప్పగించారు. ఆమెకు ఈత రాకపోవడమే అందుకు అర్హత. ఈత వచ్చినవాళ్ళ చేతిలో డబ్బు పడితే సాయంత్రానికల్లా సిలిండరైపోతుందని వాళ్ళకే తెలుసు.

చందాలు తెచ్చే పని ఆమె తమ్ముడు తన మీద వేసుకున్నాడు. అతను ఇళ్ళ స్థలాల బ్రోకరు.

“ఎవరూ చూడని చోటుకి డబ్బెవరిస్తార్రా?” అని ఆమె అడిగితే, “చూడని స్థలం అమ్మడం నాకు కొత్తా అక్కా?” అన్నాడు.

అన్నట్టే అమ్మాడు. గుహలో ముందుముందు దొరకబోయే గదులకు దాతల పేర్లు పెడతామన్నాడు. లాడ్జీ యజమాని పెద్ద హాలు తీసుకున్నాడు. పళ్ళ డాక్టరుగారు తక్కువలో వస్తుందని ఒక ఇరుకు సందు తీసుకున్నారు. ఆ గదులు ఉన్నాయో లేవో మునకమేస్త్రికే తెలియదు. “లేకపోతే?” అని బావ అడిగితే, “రెండో దశలో ఇస్తాం బావా” అన్నాడట.

ఇలా చిల్లరగా పోగవుతుండగా పంపుల షావుకారు తగిలాడు. నీళ్ళు తోడే వ్యాపారం, నీళ్ళు నిండిన గుహ, ఇంతకంటే పొత్తు ఎక్కడ కుదురుతుందని తమ్ముడు నూరిపోశాడు. మిగిలిన ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నాడు షావుకారు. మూడు కిలోమీటర్ల దగ్గర తన పంపు బొమ్మున్న జెండా పట్టుకుని ఒక ఫొటో, అంతే. చెక్కు కూడా రాసిచ్చాడు.

“ఆ ‘వరకు’ రాసింది మా ఆయనే” అంది ఆమె. “వరకు అంటే ఆయన లెక్కలో హద్దు. అంతకి మించం, ఆ లోపల ఎక్కడైనా వెనక్కి తిరుగుతాం అని. షావుకారు చదివితే అంతదాకా పోయి తీరాలని. మీరు అచ్చు మనిషి కదా, మీరు చెప్పండి, ఏది సరైంది?”

ప్రెస్సుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “రెండూ సరైనవేనమ్మా. ముప్పై వరకు గడువు అంటే హద్దే. గుమ్మం వరకు సాగనంపాను అంటే గుమ్మం దాకా వెళ్ళినట్టే.”

“అదే నా బాధ. రాసినప్పుడు ఆయనకి అది హద్దు. చెక్కు చేతికొచ్చాక బాకీ అయి కూర్చుంది.”

“ఆయన అలా అన్నాడా?”

“అంటే పోట్లాడేదాన్నిగా. మొన్న పట్టీలు కుడుతున్నాను. నాలుగోది కుట్టకు అన్నారు. ఏం, అన్నాను. బరువట. ఒక సిలిండరు తగ్గితే స్కూటరు ఇంకాస్త దూరం లాగుతుందట. నాలుగోది దేనికో నాకు చెప్పింది ఆయనే. లోపల ఏదైనా పాడైతే ఇంటికి రావడానికి. ఎప్పుడూ వాడలేదు కదా అంటారు! మనింటికి దొంగ కూడా ఎప్పుడూ రాలేదు, తాళం తీసి అవతల పారేద్దామా అన్నాను. నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకు అన్నం దిగలేదు.”

“వద్దని గట్టిగా చెప్పలేకపోయారా?”

“నీళ్ళ గురించి నీకేం తెలుసు అంటారు. నిజమే, నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా ఆయన గురించి. బ్యాంకు వాళ్ళకి సోమవారానికి ఏసీ బాగుచేస్తానని ఒప్పుకుంటే, జ్వరంతో నిచ్చెనెక్కే మనిషి. మాటిచ్చాను అంటారు. నిచ్చెన మీద నుంచి పడితే కింద నేల ఉంటుంది. అక్కడ ఏముంటుందండీ?”

ప్రెస్సుగారు మూటలోంచి లేవబోయి, లేవలేక, మళ్ళీ కూర్చున్నాడు.

ఆ ఉదయమే ఆమె దుకాణం తెరవకముందు పంపుల షావుకారు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. ‘వరకు’కు మా ఇంట్లో అర్థం వేరండీ అని ఆమె చెబితే శ్రద్ధగా విన్నాడు.

“చూడమ్మా, ముప్పై మీటర్ల వరకు తోడుతుందని నా పంపు మీద రాస్తాను. తోడకపోతే కొన్నవాడు ఊరుకుంటాడా?”

“తోడుతూ తోడుతూ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారండీ?”

“దానికేముంది, వారంటీ ఉంది. పాతది తీసుకుని కొత్తది ఇస్తాం.”

“మా ఆయనకి వారంటీ లేదండీ” అంది ఆమె.

షావుకారు టీ గ్లాసు కింద పెట్టాడు. ఆ తర్వాత, ఎంతో ఉదారంగా, “పోనీ, రెండున్నర చేద్దామా?” అన్నాడు.

“బేరం! ప్రెస్సుగారూ, మా ఆయన మీద బేరం!” ఆమె నవ్వింది. “చెక్కు షావుకారు బల్ల మీద పెట్టి వచ్చేశాను. మా తమ్ముడు ఒకటే గోల. అక్కా, నోటి దగ్గరికొచ్చిన కూడు తన్నేశావు అని. నాకు ఆ కూడు కాదురా, కంచం ముందు కూర్చునే మనిషి కావాలి అన్నాను. రేపట్నుంచి ఫోను ఎత్తనన్నాడు. రేపేం ఖర్మ, ఇప్పుడే ఎత్తడం లేదు.”

“మరి ప్రయాణం?”

“ఉంటుంది. చిల్లరగా వచ్చింది చిల్లరగానే ఉందిగా. రెండు స్కూటర్లు అనుకున్న చోట ఒకటి. లారీ బదులు మా దుకాణం వ్యాను. పాత ముడి దాకా పోతారు, బాగుంటే కాస్త అవతలికి. పళ్ళ డాక్టరుగారి సందు అక్కడెక్కడో తగలకపోదు. లాడ్జీ ఆయనకి హాలు దొరక్కపోతే మా తమ్ముడే ఏదో చెప్పుకుంటాడు.”

ప్రెస్సుగారు ప్రూఫు మోకాలి మీద పరిచి, ఆ లైను మీద పెన్సిలు ఆడించాడు. “ఇది తీసేస్తే నడిమధ్యన బోసిగా కనిపిస్తుందమ్మా.”

“మా తమ్ముడి ఫోను నంబరు పెద్దక్షరాల్లో వేయండి అక్కడ. ఎలాగూ అందరూ తిట్టేది వాడినే.”

ఆయన పెన్సిలుతో లైను కొట్టేశాడు. ‘వరకు’ దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని కూడా కొట్టేశాడు. తర్వాత రెండు చేతులూ రెక్సిన్ చుట్టల మీద ఆనించి, మూటలోంచి ఎలాగో బయటపడ్డాడు.

“అయితే చెక్కు తిరిగిచ్చేసినట్టు మీ ఆయనకి తెలుసా?”

ఆమె మిషను కిందికి వంగి, కనపడని దారం ముక్కేదో ఏరింది. పొద్దుటినుంచీ ఆమె ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తోంది, ఇది రాకూడదనే అనుకుంటోంది కూడా. అతను కోప్పడితే ఫరవాలేదు. కోప్పడకుండా, “సరేలే” అని ఆ ఏసీ సామాన్ల పెట్టె సర్దుకుంటూ కూర్చుంటే తట్టుకోవడం కష్టం.

“తెలీదు” అంది. “మీరు ప్రెస్సుకి పోయే దారిలోనే బ్యాంకు. అక్కడే ఏసీ విప్పుకుని ఉన్నారు. కాస్త ఆగి, ఈ ప్రూఫు ఆయన చేతిలో పెట్టండి. నిచ్చెన దిగాకే సుమండీ. ఆ లైను లేదని ఆయనే చూసుకోవాలి. ఎవరు తీయించారని అడిగితే నా పేరు చెప్పండి, ఫరవాలేదు. కానీ చెక్కు సంగతి ముందు మీరే చెప్పాలి ప్రెస్సుగారూ. నేను చెబితే పెళ్ళాం సాధింపు అంటారు. మీరు చెబితే అచ్చయిపోయిన మాట అనుకుంటారు.”