మూడు తుంటి ఎముకలు, ఒక ఫ్లాస్కు కాఫీ

ఒక్క ఫ్లాస్కు కాఫీతో ఆసుపత్రి ఆపరేషన్ల వరస మొత్తం తలకిందులు చేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, నవ్వేవాళ్లు కాస్త ఓపిక పట్టండి, నేనింకా పడనే లేదు.

ఆరేళ్ల కిందట జువ్వలదిన్నె రేవులో రొయ్యల తూకం తక్కువని వాదిస్తూ వెనక్కి అడుగేశాను. తడి నేల. తుంటి విరిగింది. (తూకం తక్కువన్నది మాత్రం నిజం.) నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ నిక్కచ్చిగా చెప్పింది.

"పెద్ద వయసులో తుంటి విరిగితే మంచాన ఉంచకూడదమ్మా. నెమ్ము చేస్తుంది, వీపు పుండ్లు పడుతుంది, ఇక లేవలేరు. రేపు ఎనిమిదికి ఆపరేషన్, ఎల్లుండి నడిపిస్తాం."

"ఎనిమిదంటే ఎనిమిదే" అన్నాను. నాకు కావలసింది అలాంటి ఆసుపత్రే.

రాత్రి నర్సు వచ్చి, "పొద్దున దాకా తినేదీ లేదు, తాగేదీ లేదు పెద్దమ్మా" అంది.

"ఉపవాసాల సంగతి నాకా చెప్పేది?" చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ముప్పై ఏళ్లుగా నడుపుతున్నదాన్ని!

తెల్లవారగానే మా మరదలు రూతమ్మ కాఫీ తెచ్చింది, కానీ ఫ్లాస్కు వదల్లేదు. "వదినా, నర్సు తాగొద్దనింది గదా?"

"కొత్త పిల్ల, దానికేం తెలుసు! మనం శుక్రవారాలు కాఫీ తాగే గదా ప్రార్థన చేసేది? ఎప్పుడన్నా ఉపవాసం చెడినాదా? గ్లాసులో పొయ్యి."

పక్క మంచం మీద బోగోలు కాంతమ్మ, ఆమెదీ తుంటే, జాలిగా చూసింది. "అక్కా, నాలిక పిడచగట్టుకపోతా ఉండాది." గ్లాసు నిండా పోశాను. మూడో తుంటి మనిషి, అవతలి మంచం ఖాజాబీ, సూళ్లూరుపేటలో బట్టల వ్యాపారం ఆమెది, తల అడ్డంగా ఊపింది.

"వద్దుమా. మేము రోజా ఉంటే గుక్కెడు నీళ్లు గూడా తాగం."

"ఇది రంజాను కాదక్కా, ఆసుపత్రి."

"అందుకే ఇంకా భయం."

ఎనిమిదైంది. ఎనిమిదీ పది అయింది. వార్డు దద్దరిల్లేలా అరిచాను. మత్తు డాక్టరు పరుగున వచ్చాడు.

"ఏమైనా తిన్నారా?"

"ఒక్క మెతుకు లేదు."

"తాగారా?"

"కాఫీ. అదీ చక్కెర తక్కువ."

"పాలు పోశారా?"

"పాలు లేని కాఫీ తాగే ఇల్లా మాది?"

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదు పెద్దమ్మా!" తర్వాత కాంతమ్మ వైపు తిరిగాడు.

"నేను వద్దంటా ఉంటే అక్కే పోసింది సార్!"

"ఎప్పుడొద్దన్నావే?"

ఖాజాబీని థియేటరుకు తీసుకెళ్లారు. మా ఇద్దరి వంతూ మర్నాటికి పోయింది. లేస్తానో లేవనో అని ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. కాంతమ్మ తిట్లకు వార్డులో ఎవరికీ లేదు.

పొద్దున్నే టకటకమని చప్పుడు. ఖాజాబీ వాకరు పట్టుకుని నడుస్తూ నా మంచం దగ్గర ఆగింది.

"ఏంమా, మీ ఉపవాసం ఇంకా నడస్తానే ఉండాదా?"

వార్డంతా నవ్వింది. కాంతమ్మ అందరికన్నా గట్టిగా.

నేనిప్పుడు నడుస్తున్నాను. నా రెండు కాళ్ల సాక్షిగా ఒట్టు: దేవుడి ముందు ఉపవాసానికి నియమాలు నేను చెబుతాను, మత్తు డాక్టరు ముందు మాత్రం ఆయన అనుమతి లేకుండా ఆవలించను కూడా.