పెద్ద సిస్టరుకు వేరే గిన్నె

పులుసు మరిగే వాసన వస్తే ఎవరికైనా ఆకలేస్తుంది. నేను లేచి వెళ్ళి కిటికీ తెరుస్తాను. మొన్న మా కోడలు ఎక్కడినుంచో ఇత్తడి గిన్నెలు కొనుక్కొచ్చింది. ఇప్పుడు మళ్ళీ వాటికే గిరాకీ అట, ఒంటికి మంచివట. మంచివే, లోపల కళాయి పూత ఉన్నంతవరకు. ఆదివారం పూట అందులో ఆనపకాయ పులుసు పెట్టింది. ఇత్తడి అంచుకి గరిటె కొట్టిన చప్పుడు విని హాల్లో కూర్చున్నదాన్ని ఉలిక్కిపడ్డాను. అంతలో కోడలు చిన్న స్టీలు గిన్నెలో నాలుగు చుక్కల పులుసు పోసి తెచ్చి, "అత్తయ్యా, ఉప్పు చూడండి" అంది. చెయ్యి చాపబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. "గిన్నె వద్దమ్మా, గరిటెతో తెచ్చి అరచేతిలో పొయ్యి" అన్నాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందనుకుని ఉంటుంది, పాపం. వెళ్ళి గరిటె తెచ్చింది.

డెబ్బైల మధ్యలో నేను నర్సుగా చేరిన ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. ఇప్పుడక్కడ పనిచేస్తున్న పిల్లలకి ఇందులో ఏ పాపమూ లేదు. విశాఖపట్నంలో, వార్డు కిటికీలోంచి రేవు క్రేన్లు కనబడేంత దగ్గర్లో, తెల్లవాళ్ళ కాలంలో కట్టిన ఆసుపత్రి అది. ఇనుపరాయి దుమ్ము ఎగిరొచ్చి, పొద్దున పరిచిన తెల్ల దుప్పట్లు మధ్యాహ్నానికి ఎర్రబడేవి. మా ఊరు కూర్మన్నపాలెం అవతల ఉండేది. ఉక్కు ఫ్యాక్టరీకి పొలం పోయాక మా నాన్న మంచం పట్టాడు. గోపాలపట్నంలో ఉండే మా మేనమామ సన్యాసిరావు నన్ను తన ఇంటికి తీసుకెళ్ళి, తన పిల్లలతో సమానంగా చూసి నర్సు చదువు చదివించాడు. ఆ ఆసుపత్రి వంటింట్లో ఆయనే పెద్ద వంటవాడు. నాకక్కడ ఉద్యోగం ఉందని చెప్పి దరఖాస్తు పెట్టించిందీ ఆయనే. ఈ కథంతటికీ ఆయన మంచితనమే నాకు అడ్డం పడింది, అందుకే ముందుగా చెబుతున్నాను.

నన్ను నర్సును చేసింది మాత్రం సుగుణమ్మ సిస్టరుగారు. గుంటూరు వైపు మనిషి. నల్లగా, పొట్టిగా, కొంగు బిగించి నడుస్తుంటే వార్డు బాయ్‌లు బీడీలు పారేసేవారు. నేను చేరిన రెండో వారంలో, పని తొందరలో రేవులో పనిచేసే ఒక ముసలి కళాసీకి థర్మామీటరు పెట్టకుండానే చార్టులో తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అని వేసేశాను. ఆవిడ వచ్చి చార్టు చూసింది. మంచం మీదకి వంగి చూసింది.

"ఈయనకి జ్వరం లేదంటావు?"

"లేదండీ. నార్మలే."

"నార్మలా? ఈయన పోయి పావుగంట అయ్యుంటుంది అమ్మాయ్."

అందరి ముందూ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తెర లాగి, వేడినీళ్ళు తెప్పించి, ఆ ముసలాయన ఒళ్ళు నా చేత తుడిపించింది. తనూ అవతలివైపు నిలబడి తుడిచింది. గోళ్ళలో ఇరుక్కున్న ఎర్రదుమ్మును కూడా దూదితో తీయించింది. "కంటితో చూడంది రాయొద్దు. చూసింది దాచొద్దు. ఈ రెండూ వస్తే మిగతా నర్సింగ్ నేను నేర్పుతా" అంది చివర్లో. ఆ రోజు నుంచి నేను ఆవిడ కొంగు పట్టుకుని తిరిగాను. ఇంజెక్షను నొప్పి తెలియకుండా ఎలా చెయ్యాలో, ప్రాణం పోతున్న మనిషి దగ్గర ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఆసుపత్రి వెనక రెండు వంటిళ్ళు ఉండేవి, మధ్యలో ఒక గోడ. ఒకటి తెల్ల రోగులకి, రెండోది నల్ల రోగులకి అని కట్టారట. తెల్లవాళ్ళు పోయాక మొదటిది ఆఫీసర్లదైంది, రెండోది కూలీలది, గుమాస్తాలది. మధ్యలో గోడకి మాత్రం ఏటా సున్నం వేసేవాళ్ళు. మేము డ్యూటీ మధ్యలో ఆ గోడ నీడలో కూర్చుని టీ తాగేవాళ్ళం. ఒకసారి మాటల్లో "మీది ఏ ఊరండీ?" అని అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది.

"చూశావా, మీ వైపు కులం అడగరు. ముందు ఊరడుగుతారు, ఆ తరవాత పేట, ఆ తరవాత ఏ చర్చి అని. నాలుగో ప్రశ్న అక్కర్లేకుండా తెలిసిపోద్ది. మా వైపు అంత ఓపిక లేదమ్మాయ్. ఏందిరా నువ్వు, మాలా మాదిగా అని మొహం మీదే అడుగుతారు. నూతి దగ్గర ఆగమంటారు. మా అమ్మ అక్కడే నిలబడి తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టి, నీళ్ళు తోడించుకునే వచ్చేది."

"మరి మీరు చదివిన మద్రాసులో?"

"అక్కడ తెల్ల నర్సులకి ఒక భోజనాల గది, మాకొక గది. బోర్డు రాసి పెట్టారు. చదువుకుంటే చాలు, ఎక్కడ కూర్చోవాలో తెలిసేది." టీ గ్లాసు కింద పెట్టి, "ఇక్కడ బోర్డూ లేదు, తిట్టూ లేదు. అందరూ అమ్మా, అమ్మా అంటారు. ఎవరితో పోట్లాడాలో తెలియక చస్తున్నాను పైడీ" అంది. నా పేరు పైడితల్లి. అంత ముద్దుగా కుదించి పిలిచింది మా ఇంటివాళ్ళ తరవాత ఆవిడొక్కర్తే.

డెబ్బై తొమ్మిదిలో ఆవిడ ఇన్‌ఛార్జి మేట్రన్ అయింది, అంటే నర్సులందరికీ పెద్ద సిస్టరు. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆవిడ నోరు తెరిచి కోరుకున్నది ఆ ఉద్యోగమొక్కటే. ఆ ఆసుపత్రిలో తెల్లవాళ్ళ నాటి నుంచీ ఒక ఆచారం ఉంది. రోగులకి వడ్డించే ముందు మేట్రన్ వంటింట్లోకి వచ్చి, పెద్ద ఇత్తడి గుండిగలోంచి గరిటెతో తీసింది అరచేతిలో పోయించుకుని రుచి చూసి, పుస్తకంలో సంతకం పెట్టాలి. అప్పటిదాకా మేట్రన్‌గా ఉన్న ఆంగ్లో ఇండియన్ దొరసాని రోజూ అలాగే చేసేది. పుస్తకం పట్టుకుని వెనక నడిచే పని నాది, కాబట్టి నాకు తెలుసు.

సుగుణమ్మగారు మేట్రన్‌గా వంటింట్లో అడుగుపెట్టిన మొదటి రోజు, గట్టు మీద చిన్న స్టీలు గిన్నె ఒకటి సిద్ధంగా ఉంది. పక్కన చెంచా. మా మావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీకోసం ముందే తీసి సల్లార్సినానమ్మా. సెయ్యి కాల్తాదని" అన్నాడు.

ఆవిడ గిన్నె వైపు చూసింది. ఇంత ఎత్తున పొగలు కక్కుతున్న గుండిగ వైపు చూసింది. చెంచాతో రుచి చూసి సంతకం పెట్టింది. తిరిగి వస్తుంటే "మీ వైపు మర్యాదలు ఎక్కువబ్బా" అని నవ్వింది. నేనూ నవ్వాను. నాకు అంతా అర్థమైంది, అర్థం కానట్టు నవ్వాను.

అది రోజూ జరిగింది. ఆవిడ రావడానికి గంట ముందే గిన్నెలోకి తీసిపెట్టేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, "గరిటె అడగొచ్చు కదా సిస్టరుగారూ" అన్నాను.

"అడుగుతా. మీ మావ ఇస్తాడు కూడా. ఆ కబురు వార్డుల్లోకి పోయాక ఎంతమంది ఆ పులుసు తింటారంటావు? రోగులు పస్తులుంటే రిపోర్టు ఎవరి మీద వస్తుంది? ఆరు నెలలు గడవనీ. ఖాయమైన మర్నాడు ఆ గుండిగలో గరిటె నేనే ముంచుతాను" అంది. అయిదో నెల నడుస్తోంది అప్పటికి.

ఆ గుండిగలకి కళాయి పోయిందని, వేయించమని ఆవిడ రెండుసార్లు రాసింది. ఆఫీసులో ఎవరూ కదల్లేదు. ఒక శుక్రవారం చింతపండు పులుసు. పొద్దున్నే కాచి, ఎప్పటిలాగే గిన్నెలోకి తీసిపెట్టాడు మావ. ఆ రోజు అన్నం ఆలస్యమై, మిగతాది మధ్యాహ్నం దాకా ఆ ఇత్తడిలోనే ఉండిపోయింది. పులుపుకి ఇత్తడి చిలుము అందులోకి దిగింది. ఆవిడ స్టీలు గిన్నెలోది రుచి చూసింది, బాగుంది, సంతకం పెట్టింది. వేళ దాటి ఆకలి మీదున్న రోగులు కనరుగా ఉన్నా తినేశారు. గంటలో ఆడవాళ్ళ వార్డు నుంచి మొదలై ఒకరి తరవాత ఒకరు వాంతులు. బకెట్లు చాల్లేదు. ఒక బాలింత కళ్ళు తేలేసింది. సుగుణమ్మగారు ఆ సాయంత్రం దాకా నేల మీద కూర్చుని ఆమె తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో నీళ్ళు పట్టింది. దేవుడి దయ వల్ల ఎవరూ పోలేదు.

సోమవారం విచారణ అన్నారు. వంటింట్లోకి వచ్చి గుండిగలోది ఒక్క చుక్క నాలిక మీద వేసుకున్నా ఆ కనరు తెలిసేదని డాక్టర్లు తేల్చారు. అంటే మేట్రన్ రుచి చూడకుండానే సంతకం పెట్టి ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం మావ నా ఎదురుగా కూలబడ్డాడు.

"పైడీ, నానేటి తప్పు సేసినానే? గిన్నెలో ఎట్టి ఇచ్చినాను. మర్యాదే కదేటి? అది కూడా తప్పేనా?"

"ఆ దొరసానికి గిన్నె ఎందుకు పెట్టలేదు మావా?"

నిజంగానే ఆయనకా ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు, ఒట్టు. మా అత్త వంటగదిలోంచి ఏడుస్తూ వచ్చింది. "ఓలమ్మో, గిన్నె సంగతి సెప్పేత్తే మావ ఉద్యోగం పోద్ది కదే! నిన్ను కూతుర్లా సూసుకున్నాం కదే!" అంది. అందులో ఒక్క అబద్ధం లేదు.

విచారణ గదిలో ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. సుగుణమ్మగారు గోడ పక్కన కుర్చీలో, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మధ్యలో ఉన్న పెద్ద డాక్టరుగారు నన్నడిగారు. "రోజూ పుస్తకం పట్టుకుని వెళ్ళేది నువ్వే కదమ్మా. మేట్రన్ గుండిగలోంచి రుచి చూసిందా, లేదా? లేకపోతే మరెలా చూసింది?"

ఆవిడ నా వైపు తలెత్తి చూసింది. ఆ కళ్ళలో భయం లేదు. నేను చెబుతానన్న నమ్మకం ఉంది.

"నేను గమనించలేదండీ. చూడలేదు" అన్నాను.

ఆవిడ తల దించుకుంది. సంతకం తనదేనని, బాధ్యత తనదేనని ఒప్పుకుంది. మేట్రన్ పోస్టు ఖాయం చెయ్యలేదు సరికదా, కిందికి దించి శ్రీకాకుళం అవతల ఒక చిన్న డిస్పెన్సరీకి బదిలీ చేశారు. మా మావ ఉద్యోగం నిలబడింది.

బస్టాండుకి వెళ్ళాను. ఒక ట్రంకు పెట్టె, ఒక చుట్టిన పరుపు, అంతే ఆవిడ సామాను. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడే పలకరించింది.

"మీ మావ ఉద్యోగం ఉందా?"

"ఉందండీ."

"పోన్లే, పిల్లలు గలవాడు."

అప్పుడు ఏడుపు ఆగలేదు నాకు. "మీరెందుకు చెప్పలేదు సిస్టరుగారూ? గిన్నె సంగతి మీరే చెప్పొచ్చు కదా!"

"నా నోటితో నేనే చెప్పుకోవాలా పైడీ? నాకు వేరే గిన్నె పెడుతున్నారు, అయిదు నెలలుగా తిని ఊరుకున్నానని, ఆ ముగ్గురు మగాళ్ళ ముందు?" ఆవిడ పరుపు చుట్టకి కట్టిన తాడు మళ్ళీ బిగించింది. "చూసిన మనిషి ఒకతి ఉందిగా, ఆ పిల్ల చెప్తుందిలే అనుకున్నా." బస్సు వచ్చింది. పరుపు చుట్ట నేనే పైకి అందించాను. కిటికీలోంచి నా తల నిమిరి, "వేళకి తిను" అంది. ఉత్తరాలు రాశాను, నాలుగైదు. వేటిలోనూ అసలు మాట రాయలేకపోయాను. రెండేళ్ళకి గుండెపోటుతో పోయిందని కబురొచ్చింది.

ఎనభై తొమ్మిదిలో నన్నే ఇన్‌ఛార్జి మేట్రన్‌ను చేశారు. మావ అప్పటికే రిటైరయ్యాడు. కొత్త వంటమనిషి సింహాచలం, మా వైపు పిల్లే. మొదటి రోజు పుస్తకం పట్టుకున్న నర్సును వెంటబెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద వెతికాను. ఏమీ లేదు. సింహాచలం నేరుగా గుండిగలో గరిటె ముంచి, "పట్టండమ్మా సెయ్యి" అంది.

"గిన్నె ఏదీ?" అన్నాను.

"గిన్నేటికమ్మా?" అని నవ్వింది ఆ పిల్ల. "మీరు మా మనిసే కదా!"

చెయ్యి పట్టాను. నోట్లో వేసుకున్నాను. సంతకం పెట్టాను. అందులో ఉప్పుందో, లేదో నాకు తెలియదు. ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్కరోజు కూడా నాకెవరూ గిన్నె పెట్టలేదు.

మొన్న కోడలు గరిటె తెచ్చి అరచేతిలో పోశాక, ఎందుకలాగని అడిగింది. అలవాటమ్మా అన్నాను. అదీ అబద్ధమే. మావ లేడు, అత్త లేదు, ఆ ముగ్గురు డాక్టర్లూ లేరు. నన్ను ఆ ప్రశ్న మళ్ళీ అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అయినా జవాబు రాస్తున్నాను. సుగుణమ్మ సిస్టరుగారు రుచి చూశారు. ఒక్కరోజు కూడా మానలేదు. గట్టుకి ఎడమవైపు, అంచు దగ్గర సొట్టపడ్డ చిన్న స్టీలు గిన్నెలో పెట్టిందే చూశారు, ఎందుకంటే గుండిగ దగ్గరికి ఆవిడని రానివ్వలేదు. నేను చూశాను.