తార్నాక గోదాములో గాలి

తెనాలి స్టేషన్లో మేం బండెక్కేసరికి ఉదయం ఐదూ నలభై. మేం అంటే నేనూ, మా తోడికోడలు విమలా. ఇద్దరం కలిసి కారప్పొడులు చేసి అమ్ముతున్నాం. వ్యాపారం పెరిగి మా ఇంటి వెనక వసారా చాలడం లేదు. ఊళ్ళోనే ఒక పాత పసుపు గోదాము అద్దెకు దొరుకుతోంది. దాన్నే ఆఫీసుగా, ప్యాకింగ్ హాలుగా మార్చుకుందామని నా పట్టు. విజయవాడలో అద్దాల బిల్డింగులో ఒక అంతస్తు తీసుకుందామని విమల పట్టు.

"కొనేవాళ్ళు వచ్చి చూస్తే మన బ్రాండు కనపడాలక్కా, బూజు కాదు" అంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ మా దగ్గర ప్యాకింగ్ చేసే పదకొండు మందీ నడిచి పనికొచ్చే ఆడవాళ్ళు. విజయవాడంటే సగం మంది మానేయాల్సిందే. వాళ్ళలో పెద్దావిడ మంగమ్మ ఆ సంగతి నా మొహం మీదే చెప్పేసింది.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. హైదరాబాదు తార్నాకలో బియ్యం గోదాము ఒకదాన్ని ఆఫీసుగా మార్చారని విన్నాం. అది చూశాక విమల ఏదంటే అదే. గెలుపు నాదేనన్న ధీమాతో నా చేత్తో గీసిన ప్లాను కూడా సంచిలో పెట్టుకున్నాను.

గుంటూరు దాటాక ఇడ్లీ డబ్బా విప్పాం. ఎదురు సీటులో రామంతాపూర్‌లో కూతురింటికి వెళ్తున్న రిటైర్డు మాస్టారు. మా పని విని, "గోదాము చూడ్డానికి ఇంత దూరమా! దానికి టికెట్టు కూడానా?" అన్నారు. కారప్పొడి రుచి చూశాక మాత్రం వెటకారం మానేసి రెండు ప్యాకెట్లు కొన్నారు. విమల రైల్లో కూడా బేరం వదలదు.

పదకొండూ ఇరవైకి సికింద్రాబాద్. వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట: స్టేషన్ బయట ఆటోవాళ్ళు చుట్టుముడతారు, పట్టించుకోకండి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాత తార్నాకే. మెట్రో చల్లదనానికి విమల మొహం విప్పారింది. "ఆఫీసంటే ఇలా ఉండాలి" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తార్నాకలో దిగేసరికి పన్నెండు కావస్తోంది. మార్చి నెలాఖరు ఎండ. యూనివర్సిటీ ప్రహరీ పక్క సందులో పది నిమిషాల నడక. విమల కొంగుతో విసురుకుంటూ, ఏసీ లేకపోతే లోపల ఐదు నిమిషాలు కూడా ఉండనని ముందే హెచ్చరించింది.

గుమ్మంలో స్వప్న ఎదురొచ్చింది. చిన్నపిల్లల నూలు బట్టల కంపెనీ ఆమెది. వాళ్ళ నాన్న కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. ఆమె చదువంతా పక్క క్యాంపస్‌లోనే. లోపల పాత ఇనప దూలాలు అలాగే ఉన్నాయి. బస్తాల కింద వేసే చెక్కలతో బల్లలు చేశారు. చప్పుడు మార్మోగకుండా గోడలకి గోనెపట్టాలు బిగించారు. కప్పు మీద తెల్ల సున్నం, వాననీళ్ళకి ఇంకుడు గుంత. పడమటి గోడ మీద, కప్పు కిందుగా, కంపెనీ గుర్తయిన పసుపుపచ్చ పిచ్చుక రెక్కలు చాచి ఉంది. గుమ్మంలోంచే కనపడేంత పెద్దది. అయితే రెక్కల్లో ఈకకీ ఈకకీ మధ్య ఖాళీలున్నాయి.

"అది డిజైన్ కాదండీ, మా తెలివితక్కువ" అంది స్వప్న నవ్వుతూ. "మొదట ఫుల్ బోర్డ్ పెట్టేశాం. ఫొటోల్లో సూపర్‌గా వచ్చింది. కిందటి ఎండాకాలం లోపల కూర్చోలేకపోయాం. మూడు ఏసీలు పెట్టినా అంతే. యాదయ్యగారు చెప్పేదాకా ఎందుకో అర్థం కాలేదు. ఆ తర్వాతే ఈకల మధ్య కోయించాం."

యాదయ్య అంటే ఒకప్పుడు ఇదే గోదాములో బస్తాలు మోసిన హమాలీ. గోల్నాక నుంచి వస్తాడు. ఇప్పుడు గేటు దగ్గర పని. పిలవగానే వచ్చి చెయ్యెత్తి చూపించాడు.

"పిట్ట ఎనక మొత్తం వెంటిలేటర్లే ఉన్నయి మేడం. కింద తలుపుకెళ్ళి గాలి వస్తది, మీదికెళ్ళి వేడి పోతది. గా తొవ్వ బంద్ చేసిన్రు. మేం బస్తాలేస్తే గూడ నడుమ సందు ఇడుస్తుంటిమి. గాలి ఆడకుంటే బియ్యానికే పురుగు పడ్తది. మనుషులు ఎట్లుంటరు?"

నాకు సంచి బరువెక్కినట్టయింది. నా ప్లానులో పసుపు గోదాము వెంటిలేటర్ల మీద పన్నెండడుగుల రోలు బొమ్మ గీసుకున్నాను. మా బ్రాండు గుర్తది. ఆ బొమ్మ చూసుకుని వారం రోజులు మురిసిపోయాను కూడా. దాచేద్దామా అనిపించింది. కానీ పోటీ అన్నాక మోసం చేస్తే ఎలా? తీసి బల్ల మీద పరిచాను. యాదయ్య ఒక్క చూపు చూసి, "గీడ గూడ గంతే!" అన్నాడు. స్వప్న పగలబడి నవ్వింది. విమల నవ్వుతుందని కాచుకున్నాను, నవ్వలేదు. ఎందుకంటే పిచ్చుక కింద కుర్చీలో వెనక్కి వాలి, నోరు కొద్దిగా తెరిచి, హాయిగా నిద్రపోతోంది. టైము ఒంటిగంట. ఏసీలు మూడూ ఆపే ఉన్నాయి.

ఒకటిన్నరకి లేపి క్యాంపస్ క్యాంటీన్‌కి తీసుకెళ్ళింది స్వప్న. పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. ఇద్దరికీ రెండొందలు దాటలేదు. చెట్ల కింద పరీక్షలకి చదువుకుంటున్న పిల్లలు, ఎండ నేల మీద పడనంత నీడ. విమల నా ప్లాను అడిగి తీసుకుని, తింటున్నంతసేపూ చూసింది. నేను ఓడిపోయాననే అనుకున్నాను. మంగమ్మకి ఏమని చెప్పాలో తోచక పెరుగన్నం వదిలేశాను.

నాలుగున్నరకి తిరుగు బండి. తార్నాక వెళ్ళేవాళ్ళు శనివారం వెళ్ళండి, తీరిగ్గా చూపిస్తారు. యాదయ్యతో మాట్లాడకుండా మాత్రం రాకండి. దూలాలు, బల్లలు ఫొటోల్లోనూ కనిపిస్తాయి. ఆ గోదాము ఎలా ఊపిరి పీలుస్తుందో చెప్పేది ఆయనొక్కడే.

నల్గొండ దాటాక, ఆరున్నర ప్రాంతంలో, విమల ఫోను తీసింది. విజయవాడ బ్రోకరుకేమో అనుకుని నేను మొహం తిప్పుకున్నాను.

"మంగమ్మ పిన్నీ, నువ్వు కూర్చుని ప్యాకింగ్ చేస్తావా, నిలబడా? బల్లలు ఎంత ఎత్తుండాలో కొలవాలి. రేపు పొద్దున పసుపు గోదాము దగ్గరికి రా" అంది. అవతల మాట విని మళ్ళీ, "అవును, మన ఊళ్ళోదే. నువ్వొక్కదానివే కాదు, అందరినీ తీసుకురా. ఒక్కొక్కళ్ళ ఎత్తు ఒక్కోలా ఉంటుంది కదా!" అంది.

నాకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది. ఫోను అవతల మా వసారాలో పదకొండు మందీ ఒకేసారి మాట్లాడుతున్నారు.