వెనక అరలోని పంది పిల్లలు

ఇవాళ నేను నవ్వకూడని చోట నవ్వాను. మగ్గాల పనికి వలస వచ్చిన మావాళ్లుండే లింబాయత్‌లో, మా దూరపు బంధువుల మనవరాలిని తొట్టెలలో వేసే పండుగ. గల్లీలోనే టెంటు వేసి వంట చేయిస్తున్నారు. మా మేనమామ భార్య, డెబ్బై దాటిన మా అత్తమ్మ, ఊరికే కూర్చోలేక పప్పు గంజు దగ్గరికి వెళ్లి గరిటె అందుకుంది. అది చూసి, సాంచాల కార్ఖానాలో, అంటే మరమగ్గాల మిల్లులో, మేస్త్రీగా చేసే మా పెద్దబావ గల్లీ అంతా వినబడేలా అన్నాడు.

"అరే, అత్తకు గరిటె ఇయ్యకుండ్రిరా! ఆమె ఉడకబెడితే పందులే బతకలే, మనమెంత!"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. అత్తమ్మ తనూ ఒక నవ్వు నవ్వి, గరిటె వదిలేసి, పోయి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. అందరికంటే కాస్త ఆలస్యంగా, అందరికంటే కాస్త గట్టిగా నవ్వినవాణ్ని నేను. ఆ మాట అబద్ధమని ఆ టెంటు కింద తెలిసిన మనిషిని నేనొక్కణ్నే. పద్దెనిమిదేళ్లుగా తెలుసు.

నా ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే మనవాళ్లలో కొందరు ఊరికి తిరిగి పోయారు, కొందరు ఆటోలు నడిపారు, కొందరు చీరల మూటలు భుజాన వేసుకుని తిరిగారు. నేను మాత్రం దూది ధూళి పడక అంతకు ముందే కార్ఖానా మానేసి, సచిన్ అనే ఊరికి పోయే దారిలో పశువుల రక్తం పరీక్ష చేసే ఒక చిన్న ప్రైవేటు లాబ్‌లో సహాయకుడిగా చేరాను. ఐస్ డబ్బా మోటారు సైకిల్‌కు కట్టుకుని, డెయిరీలకూ కోళ్ల ఫారాలకూ పోయి రక్తం తీసుకురావడం నా పని. మామ చేసిన పని మాత్రం మనవాళ్లెవరూ ఊహించనిది. కడోదరా దాటాక ఒక పాత గోదాము వెనక జాగా కౌలుకు తీసుకుని, రేకుల షెడ్డు వేసి, పందులను పెంచడం మొదలుపెట్టాడు. తరతరాలుగా మగ్గం తప్ప వేరే పని ఎరగని ఇంట్లో పందులు! బంధువులు ఆయనను పెండ్లిళ్లకు పిలిచేవారు కానీ పక్కన కూర్చునేవారు కాదు. నేనూ కొంచెం ఎడంగానే కూర్చునేవాణ్ని, ఆ మాట దాచను.

షెడ్డులో సగం కష్టం అత్తమ్మదే. పొద్దున్నే హోటళ్ల ఎంగిలి టెంపోలో వచ్చేది. అత్తమ్మ దాన్ని సగానికి కోసిన ఇనుప డ్రమ్ములో పోసి, కట్టెల మంట మీద ఉడికించేది. అందులో ఒక పచ్చి ఆలుగడ్డ వేసేది. గడియారం చూసేది కాదు, ఆ ఆలుగడ్డను బయటికి తీసి వేళ్లతో నలిపి, మెత్తగా పిండి అయితేనే మంట ఆర్పేది. ఆ అలవాటును నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

ఒక ఎండాకాలం పందులకు రోగం వచ్చింది. షెడ్డులో ఉన్న రెండు అరల్లో, ముందు అరలోని పెద్ద పందులు జ్వరంతో ఒకదాని మీద ఒకటి పడి మూలుగుతూ, చెవులు ఊదారంగుకు తిరిగి, నాలుగైదు రోజుల్లో చచ్చిపోయేవి. వెనక అరలో, కొత్తగా వేరే చోటి నుంచి కొనుక్కొచ్చిన పిల్లలు మాత్రం అలా కాదు, తింటూనే చిక్కిపోయేవి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, చర్మం పాలిపోయి, వారాల తరబడి బరువు తగ్గిపోతూ ఉండేవి. మా లాబ్ డాక్టరమ్మ ఈ సంగతి విని, రెండు చోట్ల లక్షణాలు ఒకలా లేవనీ, వెనక పిల్లల రక్తం తప్పకుండా విడిగా తీసుకురావాలనీ నాకు రెండుసార్లు చెప్పి పంపింది. అప్పట్లో ఒక్కో వైరస్‌కు ఒక్కో పరీక్ష. ఏది వెతకాలో ముందే అనుకుని వెతకాలి, అనుకోనిది కనబడదు.

ఆ రోజు మధ్యాహ్నం నాకు ఒక స్నేహితుడి పెండ్లి విందు ఉంది. కొత్త తెల్ల చొక్కాతోనే షెడ్డుకు పోయాను. ముందు అర నేల సిమెంటు, వెనక అర మడమలు మునిగే బురద. మామ నా వెనకే వచ్చి, "అల్లుడా, ఎనుక అర్రల పిల్లలున్నయ్, జర వాటియి గూడ తియ్యి" అన్నాడు. తీస్తానని చెప్పి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు తెమ్మని ఆయనను బయటికి పంపి, ముందు అరలోని పెద్ద పందుల చెవి నరం నుంచి తీసిన రక్తాన్నే అన్ని ట్యూబుల్లోనూ నింపాను. సగం ట్యూబుల మీద వెనక పిల్లల గుర్తులు రాశాను. విందుకు వేళకే చేరాను. చొక్కాకు మరక అంటలేదు.

పరీక్షలో అన్నింటిలోనూ స్వైన్ ఫీవర్, అంటే పందుల జ్వరం, అని వచ్చింది. పిల్లల పేరుతో ఉన్న ట్యూబుల్లో డాక్టరమ్మ పిల్లలను చిక్కిపోయేలా చేసే సర్కో వైరస్ అనే రెండోదాన్నీ వెతికింది, రాలేదు. రాదు మరి, అవి పిల్లల రక్తం కాదు కదా. రోగం ఒకటే అని తేల్చి, మిగిలిన పందులకు దానికి టీకాలు వేయించారు. అయినా చావులు ఆగలేదు. టీకా వేసినవి కూడా చచ్చిపోతుంటే అందరికీ తలలు తిరిగాయి. టీకా పాడైందని మామ, ఐస్ కరిగిందని టీకా వేసినతను, తన కిట్టే చెడిపోయిందేమోనని డాక్టరమ్మ. పాపం ఆవిడ అదే నకిలీ రక్తాన్ని మళ్లీ పరీక్ష చేసి, మళ్లీ అదే జవాబు చూసింది. నాకూ అయోమయమే. నేను చేసిన దొంగపనికీ ఈ చావులకూ సంబంధం ఉందో లేదో తెలిసేటంత చదువు నాకు లేదు. సంబంధం లేదనే అనుకోవడానికి ఆ చదువులేమి బాగా పనికొచ్చింది.

ఈ మధ్యలో డాక్టరమ్మ మాట వరసకు, సరిగా ఉడకని ఎంగిలి వల్ల కూడా స్వైన్ ఫీవర్ వస్తుందని మామతో అంది. మామకు పట్టుకోవడానికి ఒక కొస దొరికింది. నా ముందే అత్తమ్మను నిలదీశాడు.

"నిజం చెప్పు. ఉడకబెట్టినవా, లేదా?"

"ఉడకబెట్టిన. ఆలుగడ్డ పిండి అయినంకనే మంట ఆర్పిన. నీ కండ్ల ముంగటనే గదా."

"మరి సూదులేసినంక గూడ ఎట్ల సస్తున్నయే?"

అత్తమ్మ నా వైపు చూసింది. లాబ్‌లో పనిచేసేవాణ్ని కదా, నాకేమైనా తెలిసి ఉంటుందని. నేను ఐస్ డబ్బా తాళ్లు బిగించుకుంటూ ఉండిపోయాను.

చివరికి మామ తనే ఒక చచ్చిన పంది పిల్లను గోనెసంచిలో చుట్టుకుని లాబ్‌కు తెచ్చాడు. ఆ రోజు నేను వేరే ఊళ్లో ఉన్నాను. ఆ పిల్లలో రెండు వైరస్‌లూ కనబడ్డాయి. కొనుక్కొచ్చిన పిల్లలతోనే రెండోది వచ్చి ఉంటుందనీ, అది ఒంట్లో బలాన్ని తినేస్తే టీకా పట్టదనీ, ముందే తెలిసి ఉంటే రెండు అరలనూ వేరు చేసి సగం పందులనైనా కాపాడేవాళ్లమనీ డాక్టరమ్మ నాకు విడమరచి చెప్పి, మరి పాత ట్యూబుల్లో ఎందుకు రాలేదని అడిగింది. ఏమో మేడం అన్నాను. మీ మామకు చెప్పు అంది. చెప్తానన్నాను. చెప్పలేదు. అప్పటికే షెడ్డు ఖాళీ అయింది, మామ మళ్లీ కూలికి సాంచాల మీద నిలబడ్డాడు, ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా ఆ నింద అత్తమ్మ మీదే ఉండిపోయి, ఏళ్లు గడిచేకొద్దీ నిందలోని పదును పోయి, పండుగల్లో నవ్వుకునే మాటగా మారింది.

ఇప్పుడు మా లాబ్‌లో కొత్త మిషన్ ఉంది. ఒకే ట్యూబులో నాలుగైదు వైరస్‌లను ఒక్కసారే వెతుకుతుంది, తెర మీద ఒక్కోదానికి ఒక్కో రంగు గీత లేస్తుంది. రెండు గీతలు కలిసి లేచినప్పుడల్లా చుట్టూ ఉన్న చిన్న వయసు వాళ్లు ఉత్సాహపడతారు, నేను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోతాను. ఆ కాలంలో ఇదే ఉంటే అని ఒక్కోసారి అనుకుంటాను కానీ, ఇదీ ట్యూబులో పోసిన రక్తంలోనే వెతుకుతుంది. ట్యూబు నింపే చెయ్యి అప్పుడూ ఇప్పుడూ మనిషిదే.

ఇవాళ ఆ నవ్వు తర్వాత విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని, మామా అత్తమ్మా ఇంటికి చేరేదాకా గల్లీ చివర నిలబడి, తర్వాత వాళ్ల గదికి వెళ్లాను. తెల్ల చొక్కా దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. మామ అంతా విని, చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అత్తమ్మ తన అరచేతులు చూసుకుంది.

"అయితే నేను మంచిగనే ఉడకబెట్టిన్నా?"

ఇక్కడ కూడా పూర్తి నిజం నా దగ్గర లేదు. మొదటి రోగం ఎంగిలి నుంచి వచ్చిందో, కొన్న పిల్లలతో వచ్చిందో డాక్టరమ్మకే తెలియలేదు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాను. "నేను చూసినన్నాళ్లు మంచిగనే ఉడకబెట్టినవ్ అత్తమ్మా. సూదులేసినంక పోయిన పందులు మాత్రం నీ వల్ల పోలే. నా వల్ల పోయినయ్."

"ఇన్నేండ్లు నేను గూడ అదే అనుకున్నరా. నా చెయ్యే మంచిది కాదేమో అని."

ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, ఆమె ముందే మొదట పెద్దబావకు కలిపాను. ఆయన నవ్వుతూ, "ఏందిరా, ఎప్పటి ముచ్చట ఇప్పుడు తీసినవ్?" అన్నాడు. నవ్వు ఆగేదాకా చెప్పాను. తర్వాత పండుగ ఇంటివాళ్లకు, ఆ తర్వాత టెంటు కింద ఉన్నవాళ్లలో గుర్తున్న ప్రతి ఒక్కరికీ. ఏడో ఫోన్ తర్వాత, ఇక అయిపోయారనుకుని పక్కన పెట్టబోయాను.

అత్తమ్మ ఆ ఫోన్‌ను నా వైపు జరిపింది. "ఉధ్నాల మీ చిన్నబాపు ఉన్నడు గదా. ఆయినకు చెయ్యి. గాయన గూడ అన్నడు. మల్ల సిరిసిల్లల మా చిన్నక్కకు. ఆమెకు జర గట్టిగ చెప్పు, ఇనబడది."

ఆమె ఒక్కొక్క పేరే చెబుతూ పోయింది. ఎవరు ఎక్కడ, ఏ పండుగలో అన్నారో కూడా చెప్పింది. నేను ఒక్కొక్క నంబరే వెతికి కలుపుతూ పోయాను.