ఆకు చుట్టందే చేతికివ్వని లింగమూర్తి

బెల్లంపల్లి బజారులో దుకాణం నడిపిన లింగమూర్తికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ వస్తువైనా సరే, మోదుగాకులో చుట్టి నారతో కట్టి చేతికిస్తే తప్ప దాన్ని అమ్మినట్టు ఆయనకు తోచేది కాదు. బెల్లం, చింతపండు ఆకులో కట్టడం వింత కాదు, ఒకప్పుడు అందరూ కట్టినవాళ్ళే. లింగమూర్తి కాగితం చుట్టుకుని వచ్చిన సబ్బుబిళ్ళకు కూడా ఆకు చుట్టేవాడు. అగ్గిపెట్టెకు చుట్టేవాడు. ఎవరైనా చీపురు కొంటే దానికీ చుట్టేవాడు. ఎన్ని ఆకులు వేసినా దాని కొసలు బయటికి వచ్చి, పొట్టి దుప్పటి కప్పుకున్న పొడుగు మనిషి కాళ్ళలా కనబడేవి.

నేను కరీంనగర్ వాణ్ణి. ఒక టీ కంపెనీ తరఫున ఊళ్ళు తిరుగుతూ దుకాణాలకు చాయపత్త పొట్లాలు వేసేవాణ్ణి. బెల్లంపల్లిలో మా ఏజెన్సీ లింగమూర్తిదే. మొదటిసారి ఆయన వరస చూసి ఊరుకోలేక, "సేటూ, సబ్బుకు దాని కాగితం దానికున్నది గద. మల్ల ఆకెందుకు?" అని అడిగాను.

"దారిల సలి పెడ్తది," అన్నాడు ముడి వేస్తూ.

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. తరవాత ఒకాయన బ్లేడు కొంటే దానికీ ఆకు చుట్టి, "గడ్డం ముందుగాల చూసిందంటె పరేషాన్ అయితది," అన్నాడు. ఇంకొకామెకు చిల్లర పైసలు ఆకులో కట్టి ఇచ్చి, "కంటికి కనబడితె ఖర్సయితయవ్వా," అని నచ్చజెప్పాడు. అడిగినవాళ్ళందరికీ కారణం చెప్పేవాడు గానీ, చెప్పిన కారణం రెండోసారి చెప్పిన పాపాన పోలేదు.

ఎదురుగా జలాలుద్దీన్ చాయ హోటలు. అక్కడ బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు లింగమూర్తే కాలక్షేపం. ఇవాళ ఏం చుట్టాడు, ఏం చెప్పాడు అని కనుక్కుని మరో కప్పు తాగేవాళ్ళు. "సేటు ముంగట శానాసేపు నిలబడకు భాయ్, నిన్ను గూడ సుడ్తడు," అని జలాలుద్దీన్ నన్ను మొదట్లోనే హెచ్చరించాడు.

అయినా ఆ దుకాణంలో నిలబడటం నాకు ఇష్టంగానే ఉండేది. బయట బొగ్గు బండ్ల చప్పుడు, గని సైరన్లు, రైలు కూతలు. లోపలికి అడుగు పెడితే తడి ఆకు వాసన, దాని వెనక నుంచి మెల్లగా బెల్లం వాసన. లింగమూర్తి కట్టేటప్పుడు సగం కళ్ళు మూసుకునేవాడు. నాలుగు వైపులా మడత, నార ఒక చుట్టు, ఇంకో చుట్టు, ముడి. చూస్తూ ఉంటే నాకూ కళ్ళు మూతలు పడేవి. ఏ కాలంలో ఉన్నానో, ఏ ఊరి రైలు అందుకోవాలో కాసేపు మరిచిపోయేవాణ్ణి.

నేను మొదట ఆ బజారుకు వచ్చినప్పుడు సరుకంతా గోనె సంచుల్లో వచ్చి ఆకుల్లో, కొంగుముడుల్లో, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాల్లో ఇళ్ళకు వెళ్ళిపోయేది. తరవాత పాత పేపర్లతో అంటించిన సంచులు వచ్చాయి. సేర్లు పోయి కిలోలు వచ్చేసరికి ఫ్యాక్టరీలోనే తూచి, అతికించి, బొమ్మ వేసి పంపే రోజులు వచ్చాయి. తూకంలో మోసమని పోట్లాడేవాళ్ళు తగ్గారు, బొమ్మ చూసి కొనేవాళ్ళు పెరిగారు. మా పొట్లం మీద నీలం కొండల్లో చాయ ఆకు కోస్తున్న ఒక పిల్ల ఉండేది. గనిలో చీకట్లో షిఫ్టు చేసి పైకి వచ్చినవాళ్ళు చదువు రాకపోయినా, "కొండల పిల్ల ఇయ్యి," అని అడిగి తీసుకుని, సంచిలో వేసుకునే ముందు ఆ కొండల వంక కొంచెంసేపు చూసేవాళ్ళు. ఖాళీ పొట్లాలు విప్పి ఇంటి గోడలకు అంటించుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే నా అన్నం చాయపత్త వల్ల కాదు, ఆ పిల్ల వల్ల దొరికింది.

అటువంటి పిల్లకు లింగమూర్తి ఆకు ముసుగు వేసి పంపుతున్నాడని ఎవరో కంపెనీ చెవిన వేశారు. పొట్లం చేతిలో పట్టుకుని వీధిలో నడిచేవాడే మాకు నడిచే బోర్డు. ఆకు చుట్టాక అది చాయపత్తో, పొగాకో ఎవరికి తెలుస్తుంది? సికింద్రాబాదు నుంచి పెద్ద ఇన్‌స్పెక్టరు వచ్చే ఆదివారం స్వయంగా వస్తాడనీ, బొమ్మ కనబడకపోతే ఏజెన్సీ పక్క దుకాణానికి ఇచ్చేస్తాడనీ నాకు కబురు వచ్చింది. ఒక రోజు ముందే వెళ్ళి ఆ మనిషిని దారిలో పెట్టే పని నా మీద పడింది.

శ్రావణ మాసం. శనివారం మధ్యాహ్నం తుంపర్లలో రైలు దిగాను. లింగమూర్తి భార్య కమలవ్వకు ముందుగా సంగతి చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది. "చాయపత్త పోతె దుకాణం మూసుడే బిడ్డా. గనోళ్ళు దానికోసం వచ్చి దాంతోని ఉప్పు, పప్పు కొంటరు. నా మాట ఇనడు, నువ్వన్న చెప్పు," అంది.

చెబుదామంటే ఆయన తీరిగ్గా లేడు. శనివారాలు జబ్బు ముదురుతుందని జలాలుద్దీన్ అంటే నేను నమ్మలేదు. కళ్ళారా చూశాను. రెండు మేకులు అడిగినవాడికి ఒక్కో మేకూ విడిగా చుట్టి రెండు కట్టలు ఇచ్చాడు. ఒక నిమ్మకాయకు మూడు ఆకులు వేశాడు. లాంతరు గ్లాసు, అద్దం, దువ్వెన అన్నీ ఆకుపచ్చగా మారి ఒక్కొక్కటే గడప దాటాయి. ఊరికే దారి అడగడానికి వచ్చిన ఒక ముసలాయనకు దారి చెప్పి, ఏమీ ఇవ్వకుండా పంపడానికి మనసొప్పక, ఇంత బెల్లం ముక్క ఆకులో పెట్టి ఇచ్చాడు.

సందు దొరికినప్పుడు ఇన్‌స్పెక్టరు సంగతి చెప్పాను. ఆయన చేతిలో నార ఆగిపోయింది. భార్య వంక చూశాడు, అరల్లో ఉన్న మా పొట్లాల వంక చూశాడు. "సరే. రేపు చాయపత్తకు ఆకు ముట్టియ్య. మాట," అన్నాడు. అంత నీరసమైన మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు.

పొద్దు గుంకే వేళకు ఆకుల బుట్టలో గుప్పెడే మిగిలాయి. కొనేవాళ్ళు లేరు. లింగమూర్తి దుకాణమంతా కలియజూశాడు. చుట్టదగిందేమీ కనబడలేదు. చివరికి ఆయన చూపు గోడకు ఆనించిన నా గొడుగు మీద పడింది.

"గా గొడుగు ఇటియ్యి."

"గొడుగుకు ఆకెందుకు సేటూ?"

"బయట వాన పడ్తుంది గద. తడుస్తది."

ఇంతకాలం ఎంతోమంది దుకాణదారులతో వాదించి గెలిచినవాణ్ణి, ఆ ఒక్క ముక్కకు లొంగిపోయి గొడుగు ఇచ్చేశాను. పిడి నుంచి మొన దాకా, ఉన్న ఆకులన్నీ దానికే సరిపోయాయి. ఖాళీ బుట్ట చూసుకుని ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రాత్రి వాళ్ళ అరుగు మీదే పడుకున్నాను. కలలో లింగమూర్తి గని పొగగొట్టానికి ఆకు చుట్టాడు, రైలుకు పెట్టె పెట్టెకూ చుట్టాడు. ఆఖరికి చందమామను కట్టి, "మబ్బు తగులుతది," అంటూ నా చేతిలో పెట్టాడు. అది చల్లగా, బరువు లేకుండా ఉంది.

మెలకువ వచ్చేసరికి బజారంతా మంచులాంటి తెల్లటి తుంపర. అందులోంచి ఒక పచ్చటి మోపు నడిచి వస్తున్నట్టు కనబడింది. దగ్గరికి వచ్చాక మోపు కింద ఒక మనిషి ఉందని తెలిసింది. అడవి అంచు గూడెం నుంచి ప్రతి ఆదివారం ఆకులు తెచ్చే గంగుబాయి. దించమని లింగమూర్తి చేతులు చాపినా ఆమె దించలేదు. తలమీద మోపు అలాగే ఉంచుకుని, కాలితో బుట్టను పక్కకు వంచి చూసింది.

"పోయినవారం తెచ్చినయి మిగిలినయా, అయిపోయినయా సేటూ?"

"సాలుతలెవ్వు బాయి. నిన్న మాపటికే ఒడిసినయి."

ఒక చేత్తో మోపు పట్టుకుని గొంతుక్కూర్చుని, బుట్ట అడుగున రెండో చెయ్యి పెట్టి తడిమింది. ఒక్క ఆకూ లేదు. అప్పుడు మోపు దించింది.

గంగుబాయి అంగడికి, అంటే వారపు సంతకు, వెళ్ళాక ఆ బుట్ట తడమడం ఏమిటని కమలవ్వను అడిగాను. వాకిట్లో నీళ్ళు చల్లుతూ ఆమె చెప్పింది. ఒకప్పుడు ఆ దారిన ఆకు మోపులు బారులు కట్టి వచ్చేవట. ఆ ఆడవాళ్ళ మాటలు, నవ్వులు ముందు వినబడి తరవాత మోపులు కనబడేవట. పేపరు సంచులు వచ్చాక ఒక్కో దుకాణం ఆకు మానేసింది, బారు చిక్కిపోయి గంగుబాయి ఒక్కతే మిగిలింది. ఆకు ఇంక అక్కరలేకపోయినా పైసలు తీసుకుపొమ్మని లింగమూర్తి ఒకసారి ఇవ్వబోతే, ఆమె గల్లామీద పెట్టేసి, "నేను ఆకులమ్ముత సేటూ, చెయ్యి సాప. నీకు అక్కెర ఉంటెనే ఏస్త," అందట. ఆనాటి నుంచి బుట్ట తడిమి చూసి గానీ మోపు దించదు. ఆనాటి నుంచే ఆయనకు ఈ జబ్బు.

రాత్రంతా పక్కన పెట్టుకుని పడుకున్న గొడుగు వంక చూశాను. ఈ మనిషిని దారిలో పెట్టడానికా నేను వచ్చింది అని సిగ్గేసింది.

ఇన్‌స్పెక్టరు పది గంటల బండికి దిగాడు. ఆయన వచ్చి కూర్చోగానే ఒక గని కార్మికుడు కొండల పిల్లను అడిగాడు. లింగమూర్తి మాట తప్పలేదు. ఆకు లేని ఉత్త పొట్లం తీసి చాపాడు. ఆయన చేతివేళ్ళు మాత్రం గాలిలో ముడి వేస్తూనే ఉన్నాయి. నేను ఇక ఆగలేకపోయాను. పొట్లం ఆయన చేతిలోంచి లాక్కుని, కొత్త మోపులోంచి రెండు ఆకులు తీసి వంకరటింకరగా చుట్టి, నార కట్టి, గని కార్మికుడికి ఇచ్చేశాను.

"ఇదేమిటయ్యా? మీరే బొమ్మ కప్పేస్తున్నారేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఏం చెప్పాలో అప్పటిదాకా నాకే తెలియదు. అరలో ముందు వరస పొట్లం ఒకటి తీసి కొండల పిల్ల చెంప మీద వేలు పెట్టి గీశాను. వేలికి నల్లగా అంటింది. "బొగ్గు మసి సార్. గీ ఊర్ల పొట్లం చేతిల పట్టుకోని పోతె ఇల్లు చేరేవరకు పిల్ల ముఖం కనబడది. ఆకు సుడితె ఇంటికి పోయి విప్పినంక కొత్తగ ఉంటది, గోడకు అంటిస్తరు. బొమ్మ బజార్ల నిమిషం కనబడాల్నా, ఇంట్ల ఏడాది కనబడాల్నా?"

ఇన్‌స్పెక్టరు తన తెల్ల చొక్కా కఫ్ చూసుకున్నాడు. రైలు దిగిన కాసేపటికే అది బూడిద రంగుకు వచ్చింది. కఫ్ మడుచుకుంటూ, ఈ ఊరికి మాత్రం ఆకు ఉండనివ్వమన్నాడు. కమలవ్వ లోపలి నుంచి చాయ తెచ్చింది, రెండు చెంచాలు చక్కెర ఎక్కువ వేసి. లింగమూర్తి నన్ను పక్కకు పిలిచి, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మసి సంగతి నాకు ఇన్నేండ్లు తట్టలే," అన్నాడు ఎంతో గౌరవంగా.

సాయంత్రం స్టేషనుకు నడుస్తుంటే గంగుబాయి తోడైంది. పట్టాలు దాటి అవతల ఆమె అడవిదారి. అంగడి చేసుకుని, లింగమూర్తి దగ్గర ఉప్పు కొని, తాను తెచ్చిన ఆకులోనే కట్టించుకుని తీసుకుపోతోంది. ఇంత దూరం వారం వారం మోయడం కష్టం కాదా అని అడిగాను.

"కష్టమే అన్నా. మా దిక్కు రోడ్డు పని పడ్డది, రోజు కూలిస్తున్నరు. మావోళ్ళందరు దాంట్లకే పోయిన్రు. నేను గూడ ఆకు బంద్ వెడ్దమనుకున్న." ఆమె వెనక్కి తిరిగి దుకాణం వైపు చూసి, గొంతు తగ్గించింది. "కానీ సేటుకు ఆకుల పిచ్చి. ఆకు లేకుంటె సబ్బుబిళ్ళ గూడ చేతికియ్యలేడు. వారం వారం బుట్ట తడిమి చూస్త, ఎన్ని తెచ్చినా ఒక్కటి మిగలది. నేను రాకపోతె గా మనిషి ఏమైపోవాలె? మంచోడు. అందుకే వస్తున్న. ఆయనకు చెప్పకు, బాధపడ్తడు."

చెప్పనన్నాను. ఆయన సంగతి ఆమెకూ చెప్పలేదు. ఇద్దరూ ఎంతో జాగ్రత్తగా కట్టుకున్న పొట్లాన్ని విప్పడానికి నేనెవణ్ణి? ఆమె పట్టాలు దాటి, అవతల గట్టు మీద ఆగి చెయ్యి ఊపింది.

ప్లాట్‌ఫారం మీద తుంపర కాస్తా వానైంది. అదే బండి కోసం నిలబడ్డ ఇన్‌స్పెక్టరు సంచీ నెత్తిన పెట్టుకుని నా చంకలో ఉన్న ఆకుపచ్చటి పొడుగాటి కట్ట వంక చూశాడు. పిడి దగ్గర కొంచెం బయటికి కనబడుతోంది కాబోలు, "అది గొడుగే కదయ్యా? తడిసిపోతున్నాం, విప్పవేం?" అన్నాడు.

నేను దాన్ని కోటు లోపలికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను.

"వానల విప్పితె తడుస్తది సార్," అన్నాను.