ఎడమ పక్కన ఎవరూ లేరు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేనెప్పుడూ పట్టించుకోలేదు. పద్దెనిమిదేళ్లుగా గోల్‌కీపర్‌ని. బంతి ఎక్కడుంది, మనిషి ఎక్కడున్నాడు అని కళ్లారా చూసి కదలడమే నా పని. మ్యాచ్‌కు ముందు మావాళ్లు గోల్‌పోస్టు దగ్గర నిమ్మకాయ పెడితే కాలితో పక్కకు తోసేసేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మాది రెండో అంచె ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడే క్లబ్బు. అంటే టీవీలో కనిపించే పెద్ద లీగ్‌కు ఒక మెట్టు కింద. పటాన్‌చెరులో అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉన్న ఒక సేఠ్ దాన్ని నడుపుతాడు. గ్రౌండు ఇంద్రేశం దాటాక వస్తుంది. ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగిందంటే ప్రాక్టీసులో గొంతు మండుతుంది. సగంమంది ఆటగాళ్లం కిష్టారెడ్డిపేటలో రెండు ఫ్లాట్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం.

పోయిన సీజన్‌లో మొదటినుంచీ ఓటములే. పట్టికలో ఆఖరున నిలిచిన రెండు జట్లు కింది లీగ్‌కు పడిపోతాయి. అలా పడిపోతే టీము మూసేస్తానని సేఠ్ ముందే చెప్పాడు. నాకు ముప్పై అయిదేళ్లు. ఇంకో క్లబ్బు నన్ను తీసుకోదని తెలుసు.

మా లెఫ్ట్ బ్యాక్ జహంగీర్. గోల్‌కు ఎడమ పక్క కాపలా అతనిదే. సంగారెడ్డి వాడు, ఇరవై రెండేళ్లు, మూడో నంబరు జెర్సీ. వాళ్ల నాన్నకు అక్కడే కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. సీజన్ మధ్యలో ఒక మ్యాచ్‌లో జహంగీర్ తన చోటు వదిలి ముందుకు పోయాడు. ఆ ఖాళీలోంచి గోల్ పడింది, ఓడిపోయాం. ఆ సాయంత్రం నేను ఫోన్ చేసి, "రేపు గంట ముందుగాల రా. నీతోని పనుంది" అన్నాను. గొంతులో కోపం ఉంది, దాచుకోలేదు.

"వస్త అన్నా" అన్నాడు.

మర్నాడు పొద్దున ముత్తంగి జంక్షన్ దగ్గర అతని బైకును లారీ గుద్దింది. అప్పటికి నేను గ్రౌండులో గ్లౌజులు తొడుక్కుని అతని కోసం చూస్తున్నాను.

నేను పిలిచానన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. అతన్ని ఖననం చేసేటప్పుడు ఖబరస్తాన్‌లో వెనకగా నిలబడి, వాళ్ల నాన్న కంట పడకుండా వచ్చేశాను. మూడో నంబరు జెర్సీని ఆ సీజన్‌లో ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఆఖరి మ్యాచ్ మా గ్రౌండులోనే, మధ్యాహ్నం మూడింటికి. గెలిస్తే లీగ్‌లో ఉంటాం. డ్రా అయినా పోతాం. ఎదుటి జట్టు ఈశాన్యం నుంచి వచ్చింది. వాళ్ల కుడి వింగర్ రెమా అనే మిజోరం కుర్రాడు. లీగ్‌లో అతనంత వేగంగా పరిగెత్తేవాడు లేడు. అతను వచ్చేది సరిగ్గా మా ఎడమ పక్కకే.

మొదటి సగంలో మాకు ఒక గోల్ దక్కింది. రెండో సగంలో పావుగంట గడిచాక, జహంగీర్ స్థానంలో ఆడుతున్నవాడు రెమాను అందుకోలేక వెనకనుంచి కాళ్లకు తన్ని పడగొట్టాడు. రిఫరీ రెడ్ కార్డు చూపించి బయటికి పంపేశాడు. ఇంక మేం పదిమందిమి. అరగంట ఆట మిగిలి ఉంది.

కోచ్ లైను దగ్గరికొచ్చి గొంతు చించుకున్నాడు. "ఎడమ దిక్కు ఇడిసిపెట్టుండ్రి. అందరు నడిమిట్లనే ఉండ్రి."

వేరే దారి లేదు నిజమే. కానీ గోల్ ముందు నిలబడి చూస్తే నా ఎడమ పక్క రోడ్డంత ఖాళీ.

మొదటిసారి బంతి దొరకగానే రెమా ఆ ఖాళీలోకి దూసుకొచ్చాడు. నేను పోస్టు దగ్గరికి జరిగి మోకాళ్లు వంచాను. అతని ముందు ఎవరూ లేరు. అయినా సడన్‌గా ఆగిపోయాడు, ఎవరో అడ్డం వచ్చినట్టు. బంతిని వెనక్కి తన్నేశాడు. కండరం పట్టేసిందేమో అనుకున్నాను.

రెండోసారీ అంతే. మూడోసారి ఎవరినో తప్పించుకుంటున్నట్టు భుజం వంచి తిరిగాడు, తడబడ్డాడు, బంతి గీత దాటి బయటికి పోయింది. మా బెంచీ మీద ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడు వాళ్ల కెప్టెన్ రిఫరీ దగ్గరికి పరిగెత్తాడు. వీళ్లు ఇంకా పదకొండుమంది ఉన్నారు, లెక్కపెట్టండి అని హిందీలో గొడవ. రిఫరీ ఆట ఆపి, ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ లెక్కించాడు. నాతో కలిపి పదిమంది. కెప్టెన్ ఊరుకోలేదు. మళ్లీ లెక్కించాడు. పదిమందే. కెప్టెన్‌కు ఎల్లో కార్డు చూపించి ఆట మొదలుపెట్టించాడు.

ఆ తర్వాత నేను బంతి కంటే ఎడమ పక్కే ఎక్కువ చూశాను. కీపర్ చెయ్యకూడని పని అది. గడ్డి తప్ప ఏమీ కనపడలేదు. రెమా మాత్రం అటు రావడం తగ్గించేశాడు. చివరి నిమిషాల్లో మధ్యలోంచి వచ్చిన రెండు షాట్లు ఆపాను. విజిల్ మోగింది. గెలిచాం.

మావాళ్లంతా ఒకరిమీద ఒకరు పడి ఏడుస్తున్నారు. నేను నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే రెమా వచ్చాడు.

"భాయ్, 'యాడికి పోతవ్' కా మతలబ్ క్యా హై?" అని ఆ మాటకు అర్థం అడిగాడు.

ఎందుకని అడిగాను. ఎక్కడ విన్నావని అడిగాను.

"ఆప్‌కా నంబర్ త్రీ. హర్ బార్ కాన్ మే యహీ బోల్తా థా. హస్ కే."

మీ మూడో నంబరువాడు ప్రతిసారీ నా చెవిలో ఇదే అన్నాడు, నవ్వుతూ. అదీ అతను చెప్పింది.

ఎదుటి ఆటగాడి పక్కన చేరి, నవ్వుతూ "యాడికి పోతవ్" అనడం జహంగీర్ అలవాటు. ప్రాక్టీసులో నన్ను కూడా అలాగే ఉడికించేవాడు. నేను రెమాకు అర్థం చెప్పాను.

తర్వాత చాలా ఆలోచించాను. మా ఆటగాడు ఒకడు చనిపోయాడని రెమా ఎక్కడో విని ఉండొచ్చు. కానీ 'యాడికి పోతవ్' అన్న మాట అతనికి ఎవరు చెప్తారు? ఆ సీజన్‌లో వాళ్ల ఊళ్లో మ్యాచ్ జరిగినప్పుడు జహంగీర్ మోకాలి నొప్పితో ఇక్కడే ఉండిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనే లేదు. మ్యాచ్ వీడియో కూడా తెప్పించుకుని చూశాను. రెమా ఆగడం, ఒంగడం, తల తిప్పి పక్కకు చూడడం అన్నీ ఉన్నాయి. పక్కన ఎవరూ లేరు.

నెల తర్వాత సంగారెడ్డి వెళ్లి, జహంగీర్ వాళ్ల నాన్న దుకాణంలో స్టూలు మీద కూర్చున్నాను. ముందు ఫోన్ సంగతి చెప్పాను. ఆయన చేతిలోని మిషన్ బెల్టు పక్కన పెట్టాడు.

"నువ్వు పిల్వకున్నా పోతుండె బేటా" అన్నాడు. "అందరికన్న జల్దీ పోవుడు వానికి అలవాటు."

అది నిజమో, నాకోసం అన్నాడో తెలియదు. ఆ తర్వాత మ్యాచ్ సంగతి మొత్తం చెప్పాను. ఆయన నమ్మాననీ అనలేదు, నమ్మలేదనీ అనలేదు.

"నీకు కనబడ్డడా?"

"లేదు చాచా."

"మరి మంచిగ ఆడిండా?"

నేను చూసిందే చెప్పాను. "అర్ధగంటల ఆ దిక్కుకెల్లి ఒక్క బాల్ గూడ నా మీదికి రాలే చాచా."

ఆయన తల ఊపి, కళ్లజోడు తీసి చొక్కా కొసతో చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇంతకు మించి నాకు తెలియదు. ఆ పక్క నేను చూసింది ఖాళీ గడ్డి మాత్రమే. రెమా నంబరు నా ఫోన్‌లో ఉంది. ఇంకా ఏం చూశావని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఇప్పటికీ అడగలేదు.